పాత జీపీయస్‌లో ఒక గుర్తు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురం నుంచి పొదిలి పోయే బస్సులో ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. ఒడిలో తువ్వాలు చుట్టిన డబ్బా ఉంది.

“ఏందన్నా అది, రేడియోనా?” అన్నాను.

“పడవ జీపీయస్, తమ్ముడూ. సముద్రంలో దారి చూపిద్ది. చెడిపోతే, పాతదని మా రేవు వైపు ఎవరూ ముట్టుకోలేదు. మీ మార్కాపురం మెకానిక్ బతికించాడు.”

“ఇప్పుడు ఫోన్లే దారి చూపిస్తుండాయి గదా. కొత్తది కొనుక్కోలేదా?”

“పడవలో కొత్తదే ఉంది. కానీ దీంట్లో ఒక గుర్తుంది.”

ఆయన తువ్వాలు తీసి ఒక మీట చూపించాడు. మనిషి నీళ్లలో పడితే అది నొక్కాలట. ఆ చోటు లోపల నిలిచిపోతుందట. ఆయన అల్లుడు పడవ వెనక నుంచి జారిపడ్డాడు, దొరకలేదు. ఏటా ఈ డబ్బా చూపించిన చోటికి పోయి, కూతురు కట్టిచ్చిన దండ నీళ్లలో వదులుతాడట.

“అగ్గిపెట్టె ఇమ్మని పిలిచా. పలకలేదు. తిరిగి చూసి మీట నొక్కా,” అన్నాడు.

పొలాల కొలతలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, మనసులో లెక్క ఆగలేదు.

“నువ్వు చూసేలోపల పడవ ముందుకు వచ్చేసుంటది గదన్నా. ఆయన పడింది అక్కడ కాదేమో.”

ముసలాయన డబ్బాకు మళ్లీ తువ్వాలు చుట్టాడు.

“తెలుసు తమ్ముడూ. వాడు పడిన చోటు ఏ మిషన్లోనూ లేదు. ఇది నేను వెనక్కి తిరిగి చూసిన చోటు.”