ఎంగిలిపడని గంప

ఉగాదికి ముందు రోజు పొద్దున్నే మా ఆయన గట్టు మీది చెట్టు నుంచి గంపెడు మామిడికాయలు కోసుకొచ్చి దేవుడి గది ముందు పెట్టారు. ఆ చెట్టు మా చేనుకూ అడివి అంచున ఉన్న గూడేనికీ మధ్య ఉంటుంది. కాయలు ఇరువైపుల వాళ్ళమూ తింటాం. దుమ్ముగూడెం వైపు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు.

మధ్యాహ్నానికి గోదావరి మీద మబ్బు నల్లబడింది. మా ఏడాది పంటంతా వాకిలి పక్క కల్లంలో ఆరబోసిన మిర్చే. గబగబా కుప్ప చేసి పట్టాలు కప్పకపోతే తడిసి బూజు పట్టిపోతుంది. గూడెం నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. కానీ ఒక్కరూ చెయ్యి కదపడం లేదు.

ఎందుకో చెప్పడానికి గూడెం పెద్ద మా వాకిట్లోకి వచ్చారు. మా అత్తయ్యను ఎన్నో ఏళ్ళుగా అక్కా అని పిలిచే మనిషి. ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా కొత్తల పండుగ ఇంకా కాలేదక్కా. మా గూడెం తల్లికి పెట్టకముందే కొత్తకాయ కోసిండ్రు. ఊరికి కీడు. గీ ఇంటి పని మావోళ్ళు ముట్టరు."

"రేపు ఉగాది తమ్మీ. మామిడికాయ లేని పచ్చడి ఏందది? మీ పండుగయ్యేదాక మా పండుగ ఆగుతదా?"

"చెట్టు ఇద్దరిదని నువ్వే అంటవ్ కదా."

"ఇద్దరిదే. అందుకే మావంతు కోసుకున్నం."

కల్లం వైపు నుంచి ఓ ముసలమ్మ అందుకుంది: "పచ్చడి తిని మీరే ఎత్తుకోండ్రి మిర్చి, మస్తు బలమొస్తది!"

ఆడవాళ్ళు నవ్వారు. అత్తయ్య ముఖం జేవురించింది. మా ఆయన ఒక్కరే పట్టా పరవబోతే గాలికి అది చేతుల్లోంచి లేచిపోయింది. నేను బడికి పోకుండా ఇంట్లో నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని, పెద్దల మధ్య నోరు విప్పే అలవాటు లేదు. లోపల్లోపలే రామా రామా అనుకుంటూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఒక్కమాట చెప్పక్కా," అన్నారు పెద్ద. "నోట్ల పెట్టిండ్రా? ఒక్క ముక్కన్నా?"

అత్తయ్య భగ్గుమన్నారు. "దేవునికి పెట్టకముందే ఎంగిలి చేస్తమా? ఏమనుకున్నవ్ మమ్మల్ని? నైవేద్యం కానిదే ఉప్పు సరిపోయిందో లేదో గూడ చూడం ఈ ఇంట్ల! కావాలంటే కోడల్నడుగు!"

అందరూ నా వైపు తిరిగారు.

"అవును బాబాయ్," అన్నాను. "ఎవరం నోట పెట్టలేదు."

పెద్ద గుమ్మంలోంచి గంప వైపు చూశారు. దూరంగా ఉరిమింది.

"మేమనేది గూడ గదే కదక్కా," అన్నారు. "తల్లి తినందే మేం తినం."

అత్తయ్య కోపం కాస్త దిగింది. అదే అదను అనిపించింది నాకు. నిరుడు ఉప్పు పట్టించి ఎండబెట్టిన మామిడి ఒరుగుల జాడీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"ఇవి నిరుటి కాయలే కదత్తయ్యా."

"ఒరుగులతో ఉగాది పచ్చడా!" అన్నారు గానీ, చూపు కల్లం మీదికే పోయింది. "పట్టుకపో తమ్మీ గంప. నా రాముడు ఈ ఏడు పాత పులుపుతోనే సర్దుకుంటడు."

"నేను పట్టుకపోతే కాదక్కా. కోసిన ఇంటోళ్ళే తెచ్చి తల్లి ముందు పెట్టాలె."

ఆవిడ ఎన్నడూ ఆ గూడెం తల్లి దగ్గరికి పోయి ఎరగరు. మిర్చి వాసనతో గాలి వాకిలంతా తిరుగుతోంది. అత్తయ్య లోపలికి వెళ్ళి గంప ఎత్తుకొచ్చారు.

"పద. కోడిని కోస్తే మాత్రం నేనుండ."

"ఇయ్యాల కొయ్యంలే."

పెద్ద తమ భాషలో కల్లం వైపు ఏదో కేకేశారు. అందరికంటే ముందు చీపురు అందుకున్నది ఆ ముసలమ్మే. నేనూ కొంగు బిగించి దిగాను. ఆఖరి పట్టా కప్పేలోపే చినుకులు పడ్డాయి. కుప్ప ఒక అంచు తడిసింది, మిగతాది దక్కింది.

మర్నాడు పచ్చడిలో ఒరుగు ముక్కలు నారనారగా తగిలాయి. అత్తయ్య సణుగుతూనే తిన్నారు. ఆ పూట ఆవిడకు అంత కోపం తెప్పించినందుకు దేవుడికి నేనిప్పటికీ దండం పెట్టుకుంటాను. నెమ్మదిగా అడిగి ఉంటే, రెండు వైపుల నియమమూ ఒకటేనన్న నిజం బయటికి వచ్చేది కాదేమో.

ఆ తర్వాత ప్రతి వేసవీ, కాయలు కోసేముందు అత్తయ్య గట్టు మీద నిలబడి కేకేసేవారు:

"తల్లి తిన్నదా తమ్మీ?"

"తిన్నదక్కా. ఇగ మీ రామునిదే ఆలస్యం."