తువ్వాల కింద బేరం

మా ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిల బేరగాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద చేతులు పెట్టి, ఎదుటివాడి వేళ్లు నొక్కి చెబుతారు. మార్కెట్ బాటసింగారానికి మారినా ఆ పద్ధతి పోలేదు. క్యాన్సర్‌కు కీమో ఎక్కించాక ఆయన వేళ్లు మొద్దుబారాయి. తిన్నది కడుపులో నిలిచేది కాదు.

దవాఖాన డాక్టరమ్మే మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్‌లో సూదుల వైద్యం చేసే ఆమె దగ్గరికి పంపింది. "జబ్బుకు కాదు, బాధ తగ్గడానికే" అని ముందే చెప్పింది. ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో తీసుకుపోయేదాన్ని. మణికట్టుకు సూదులు పెట్టాక వాంతులు తగ్గాయి. ఇక వేళ్లకు స్పర్శ కూడా తిరిగొస్తుందని ఆశపడ్డాం.

ఒక సాయంత్రం ఆయనే తువ్వాల తెచ్చాడు. "జర బేరం చెయ్యవే, చూద్దాం."

తువ్వాల కింద ఆయన మూడు వేళ్లు గట్టిగా పట్టుకుని, "ఎంతనో చెప్పు" అన్నాను.

"ఏందే, ఇంకా పట్టనే లేదు! గింత పిసినారి సేటును నేనెన్నడు చూడలే" అని నవ్వాడు.

నేను పట్టిన వేళ్లు వదల్లేదు. ఆయన నా ముఖం చూశాడు. తువ్వాల మెల్లగా మడిచాడు. "నా జాగల వేరేటోన్ని పెట్టుకోమని మార్కెట్ల చెప్పు" అన్నాడు.

ఆ పూట చారన్నం మాత్రం కక్కకుండా తిన్నాడు.