ఏరు ఆగిన చోటు

నిమ్మకాయ ఊరగాయ పెడదామని మొన్న ఆదివారం వంటింటి గట్టు మీద కాయలు కోస్తున్నాను. గట్టుకు వేసింది నల్లటి కడప బండ. మా గోదావరి జిల్లాల్లో ఈ బండ లేని వంటిల్లు ఉండదు గానీ, అది ఏ రాయో, ఎక్కడ పుట్టిందో అడిగే నాథుడుండడు. కత్తి జారి రసం చిందింది. తుడవబోయి ఆగాను. చుక్క అంచున ఆవగింజ కన్నా చిన్న బుడగలు లేస్తున్నాయి. ఆ పులుపు వాసన ముక్కుకు తగలగానే ఎస్తేరు గారు కళ్ల ముందుకు వచ్చారు. ఎర్రటి ఎండలో రాతినేల మీద సైకిల్ పడుకోబెట్టి, టిఫిన్ డబ్బాలోంచి నిమ్మచెక్క తీసి బండ మీద పిండుతూ, "చూశావా పద్మా, ఇది సున్నపురాయి. మీ అమ్మగారి వంటింట్లో ఉన్నదీ ఇదే," అన్నారావిడ ఆ రోజు.

రాజమండ్రిలో కాలువల ఆఫీసులో నేను ట్రేసరుగా చేరేనాటికి డ్రాయింగ్ సెక్షన్‌కు ఆవిడే పెద్ద. పాత పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనపడే గీతలన్నీ సిరాతో పైన దించుకోవడం మా పని. ఎస్తేరు గారు పొట్టి మనిషి. నేత చీర, బిగించిన ముడి, మెత్తటి మాట. ఆదివారం చర్చికైనా, మిగతా రోజులు ఆఫీసుకైనా ఒకటే లేడీస్ సైకిల్. చేరిన రోజు నా చదువు గురించి గానీ చేతిరాత గురించి గానీ ఆవిడ ఏమీ అడగలేదు.

"సైకిల్ తొక్కడం వచ్చా?" అన్నారు.

"వచ్చండి. కాలేజీకి దాని మీదే వెళ్లేదాన్నండి."

"అయితే పటాలు కూడా వచ్చేస్తాయిలే."

ఇదెక్కడి మనిషిరా బాబూ అనుకున్నాను. తర్వాత తెలిసింది, సెలవు దొరికితే చాలు, ఆవిడ కాలు ఒకచోట నిలవదని. గీసిన చోటికల్లా ఒక్కసారైనా వెళ్లి చూడాలి. ఆవిడ వెంట ధవళేశ్వరం నుంచి కాలువ గట్లు పట్టుకుని ఎన్ని ఊళ్లు తిరిగానో! దారి అడగాల్సిన పనే లేదు, మా వైపు నీళ్లు ఎటు పోతే దారీ అటే. ఆవిడకు తీరని కోరిక ఒకటుండేది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పటంలో గీతలు గీస్తాం కదా, మా నేల బల్లపరుపు కాబట్టి షీటు మొత్తానికి అలాంటి గీతలు ఒకటో రెండో ఉంటాయి, నేల ఎంత నిటారైతే అవి అంత దగ్గరపడతాయి. "ఇన్నేళ్లూ ఎడం ఎడంగా గీతలు గీశానమ్మా. అవి ఒకదాన్నొకటి రాసుకునే చోట నేల ఎలా ఉంటుందో చూడాలి," అనేవారు. పోలవరం దాకా సైకిల్ మీద వెళ్లి పాపికొండలు చూసొచ్చారు. అదీ చాలలేదు.

అసలు సంగతి వేరే ఉందని ఆవిడ రిటైర్మెంట్ దగ్గరపడ్డాక గానీ నాకు తెలియలేదు. పాత పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి బల్ల మీద ఒక షీటు పరిచారు. ఆవిడ ఉద్యోగం కొత్తలో, రాయలసీమ వైపు పని ఎక్కువై కొన్ని షీట్లు మా ఆఫీసుకు వచ్చాయట. వాటిలో ఒక ఏరు నీలిగీతగా బయలుదేరి, సగం దారిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎస్తేరు గారు పుట్టి పెరిగింది డెల్టాలో. నీళ్లు మధ్యలో ఆగడమేంటి? పెద్ద కాలువ పిల్లకాలువలోకి, అది మురుగుకాలువలోకి, అది సముద్రంలోకి పోవాలి కదా! అసలు పటం గీసినాయన మర్చిపోయి ఉంటాడనుకుని, ఆ గీతను పొడిగించి దిగువన నదిలో కలిపేశారు. సరిచూసిన పైవాళ్లూ ఈ నీళ్లు తాగిన వాళ్లే, ఎవరికీ అనుమానం రాలేదు.

"కలిపినప్పట్నుంచీ ములుకులా గుచ్చుతూనే ఉందమ్మా," అన్నారు. "ఇది కంప్యూటర్లోకి ఎక్కేస్తే ఇంక అడిగేవాడుండడు. నేను సీట్లో ఉండగానే తప్పో ఒప్పో తేల్చుకోవాలి."

"బస్సులో వెళ్లి చూసి రావచ్చు కదండీ?"

"ఏరు వెంట బస్సు పోతుందా?"

సైకిళ్లు రైలు బ్రేకువాన్లో వేయించి, రేణిగుంటలో మారి ముద్దనూరులో దిగాం. వానలు అప్పుడే వెనకబట్టాయి. అక్కణ్ణించి జమ్మలమడుగు దారి ఒక కొండ దాటుతుంది. ఎక్కేటప్పుడు తోసుకుంటూ నడిచాం కాబట్టి సరిపోయింది. దిగేటప్పుడు మొదలైంది నా అవస్థ. బ్రేకు ఎంత నొక్కినా సైకిల్ ఆగదు! మలుపులో రోడ్డు దిగి సూటిగా ముళ్లపొదలోకి పోయాను.

"బ్రేకులు చూసుకోలేదా అమ్మాయ్?" అంటూ ఆవిడ పరిగెత్తుకొచ్చారు.

"మన గట్ల మీద బ్రేకులతో పనేముందండీ? బెల్లుంటే చాలు కదా," అన్నాను ఏడవలేక నవ్వుతూ.

నా మోచేతిలో ముళ్లు ఆవిడ ఒక్కొక్కటే తీశారు. చివరికి, "నేను చేసిందీ ఇదేనేమో పద్మా. మన ఊరి అలవాటు తీసుకెళ్లి వాళ్ల నేల మీద పెట్టాను," అన్నారు.

మర్నాడు గండికోట చేరాం. పెన్న ఎర్రటి కొండను నిలువునా కోసుకుని ఎక్కడో అడుగున పారుతోంది. నాకు కళ్లు తిరిగి వెనక్కి వచ్చేశాను. ఆవిడ మాత్రం బండ మీద బోర్లా పడుకుని అంచుదాకా పాకి, చూపుడువేలితో గాల్లో గీతలు గీశారు, ఒకదాని కింద ఒకటి, ఒకదాని కింద ఒకటి. "ఇక్కడ నా కలం దూరడానికి చోటే లేదమ్మా!" అని పకపకా నవ్వారు. ఆవిడ అలా నవ్వగా చూడటం నాకదే మొదలు.

అక్కడి నుంచి ఉత్తరంగా తొక్కాం. ఊళ్లకు ఊళ్లు రాతిమయం. ఇంటికప్పు బండ, పొలం గట్టు బండ, పశువుల తొట్టి బండ. టైర్లకు తెల్లటి దుమ్ము. చదునైన నేలే కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, ఎంత దూరం పోయినా ఒక్క కాలువ కనపడదే! ఎటు తిరగాలో తెలియక ప్రతి మనిషినీ ఆపి అడిగాం. ఆవిడ పొడిగించిన గీత పక్కనున్న ఊరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక నడివయసు ఆవిడ బిందె నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఇటుపక్క ఏరుండాలమ్మా, ఎక్కడుంది?" అని అడిగారు ఎస్తేరు గారు.

"ఏరా? ఈడ ఏరు యాడుందమ్మా? ఈ బిందెడు నీళ్లకే ఆ గుట్ట అవతలికి పోయి వస్తాండా." మా మొహాలు చూసి జాలిపడి, బిందె దించి మా సీసా నింపింది. "వంక పైన ఉండాది. బిలం కాడ భూమి మింగేస్తాది. ఈడిదాకా ఏ పొద్దూ రాలేదు."

ఆమె వెళ్లిపోయాక కూడా ఎస్తేరు గారు ఆ నీళ్లు తాగలేదు. "పటంలో వీళ్లకు ఏరు ఇచ్చింది నేనే. అది చూసినవాళ్లు ఈ ఊరికి వేరే నీళ్లెందుకు అనుకుని ఉంటారు," అన్నారు మెల్లగా.

ఆమె చూపించిన వైపు సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. వంక పైనుంచి గలగలమంటూ వచ్చి, రాళ్ల మధ్య మనిషి దూరేంత నెర్రెలోకి జారి మాయమైంది. అవతల పొడినేల, తుమ్మచెట్లు, మేకలు. నీళ్లు ఆగిపోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎస్తేరు గారు అప్పుడే నిమ్మచెక్క పిండి బుడగలు చూపించారు. నీళ్లకూ కాస్త పులుపుంటుందట, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ లోపల దారి చేసుకుంటాయట. తర్వాత బండకు చెవి ఆనించి, "లోపల పోతూనే ఉంది పద్మా! ఎటు పోతోందో, ఎక్కడ తేలుతుందో!" అన్నారు. ఆ గొంతులో అంత సంబరం. లేచి కూర్చునేసరికి మాత్రం కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"గీసినాయన ఇక్కడిదాకా వచ్చాడమ్మా. చూశాడు కాబట్టే ఆపాడు. నేను చూడకుండా కలిపేశాను."

తిరిగొచ్చిన వారంలోనే పై అధికారి గదిలోకి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. ఆయన మంచివాడే, ఆవిడంటే గౌరవం కూడా. అంతా విని తల పట్టుకున్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఎవరూ అడగలేదు కదా. మీరు రాసిచ్చారంటే ఎంక్వైరీ వేయక తప్పదు. మీ పెన్షన్ కాగితాలు ఆగిపోతాయి."

"ఆగితే ఆగనివ్వండి. అక్కడ ఒకావిడ బిందెతో నడుస్తోందండీ."

రాసిచ్చారు. అనుమతి వచ్చాక ఆ గుడ్డ పటం మీద, తాను పొడిగించిన గీతను బ్లేడుతో తానే గీకేశారు. సిరా పోయింది గానీ వేలితో తడిమితే ఆ మేర గరుగ్గా తగిలేది. అన్నట్టే పెన్షన్ ఆగింది. చాలాకాలం చర్చి బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పి నెట్టుకొచ్చారు. అంత నిజాయితీకి అదా ఫలితం అని నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. ఆవిడను అడిగితే, "సాయంత్రాలు ఖాళీయే కదమ్మా, సైకిల్ తొక్కుకోవచ్చు," అనేవారు. ఆ ఊరికి నీళ్లు వచ్చాయో లేదో నాకు తెలియదు. ఉన్నాయని చెప్పే పటం మాత్రం లేకుండా పోయింది.

ఎస్తేరు గారు పోయి కొన్నేళ్లయింది. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కంప్యూటర్లో తెగిన గీతలను దానంతట అదే కలిపేసే ఏర్పాటు ఒకటుంది. నేను దాన్ని ఆపేసే ఉంచుతాను. కుర్రవాళ్లు నా చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ ఊరగాయ పెట్టిన మర్నాడే, కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, కోనసీమ షీట్లో ఈ డ్రెయిను లైను మధ్యలో ఆగిపోయిందండి. మర్చిపోయుంటారు. కలిపెయ్యమంటారా?"

"నువ్వు వెళ్లి చూశావా?"

"లేదండి."

"సైకిల్ తొక్కడం వచ్చా?"

తెల్లబోయి నా వైపు చూసి, వచ్చన్నట్టు తలూపింది. శనివారం పొద్దున్నే రమ్మన్నాను, బ్రేకులు చూసుకుని.