మైలురాయి దగ్గర తెల్లచీర

1963లో కోట అనే ఊరికి సముద్రం వైపు నాకొక చిన్న షెడ్డు ఉండేది. బస్సుల, లారీల అద్దాల మీద గీతలు పోగొట్టడం నా పని. ఆ గాలికి వైపర్ కింద ఇసుక చిక్కుకుని అద్దాన్ని గీకేసేది. రూజ్ అనే ఎర్రటి పొడిని నీళ్లలో కలిపి, ఫెల్ట్ గుడ్డతో గంటల తరబడి రుద్దాలి. గీత ఉన్నచోటే రుద్దితే అద్దం అక్కడ గుంటపడి, అవతలి వస్తువు వంకరగా కనిపిస్తుంది. దాన్ని డిస్టార్షన్ అంటారు. అందుకే చుట్టూ జానెడు మేర రుద్దుకుంటూ పోవాలి. ఇదంతా తెలిసి కూడా ఒకసారి తొందరపడ్డాను.

బస్సు డ్రైవర్ యేసుపాదం అద్దం మీద లోతైన గీత పడింది. సాయంత్రం ట్రిప్పుకే బండి కావాలన్నాడు. గీత మీదే రుద్ది, సముద్రం మీది ఆకాశానికి ఎదురుగా పెట్టి చూశాను. మచ్చ లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వారం తర్వాత ఖాళీ బస్సుతో వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"అన్నా, ఉప్పుకొటార్ల కాడ పొద్దుగూకేటప్పుడు తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి రోడ్డు మీదికొస్తా ఉంది. పక్కనోళ్లకు కనపడలా. నిన్న తప్పించబోయి బస్సును కాలవ అంచుకు తెచ్చినా. లోపల నిండా జనం ఉండారు."

"కలగన్నావేమోలే."

"రోజూ అదే చోట కలొస్తాదా? నువ్వే వచ్చి చూడన్నా."

నాకూ డ్రైవింగ్ వచ్చు. నవ్వుకుంటూనే అతని సీట్లో కూర్చున్నాను. ఉప్పుకొటార్ల దగ్గర ఇరువైపులా ఉప్పు పండించే మడులే, చెట్టూ పుట్టా లేదు. ఎండ వాలింది. దూరంగా తెల్లగా ఒకామె నిలబడి ఉంది. దగ్గరయ్యేకొద్దీ పొడవు సాగింది, నడుము వంచింది, రోడ్డు మీదికి అడుగు వేసింది. గట్టిగా బ్రేకు తొక్కాను.

తల పక్కకు జరిపితే ఆమె లేదు. సున్నం కొట్టిన మైలురాయి ఉంది. తల మళ్లీ వెనక్కి తెస్తే ఆమె ఉంది. అద్దం మీద వేలు పెట్టి చూశాను. సరిగ్గా నేను రుద్దిన చోటే. మిగతా దారంతా చెట్ల గుంపులు కాబట్టి వంకర అతని కంటబడలేదు. ఇక్కడ నిటారుగా ఉన్నది ఆ రాయొక్కటే. నేనేమో ఖాళీ ఆకాశంలో చూశాను. అందులో వంకర పోవడానికి ఏముంది?

"ఆమెను పుట్టించింది నేనే, యేసుపాదం. తప్పు నాది" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అతనూ సీట్లో కూర్చుని తల అటూ ఇటూ జరిపి చూశాడు. ఆ తర్వాత, "అయితే నేను పిచ్చోణ్ణి కాదు గదన్నా?" అని మాత్రం అడిగాడు.

అద్దం మార్చాను. అప్పటినుంచి ఎదురుగా నిలువు తాళ్లు కట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని తల అటూ ఇటూ కదిపి చూడనిదే ఏ అద్దాన్నీ వదల్లేదు. యేసుపాదం మాత్రం కొత్త అద్దం వేసినా అక్కడ హారన్ కొట్టేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ బస్సు ఎక్కినప్పుడల్లా, ఆ హారన్ వినగానే నా తప్పు గుర్తొచ్చి, రాయి దాటేదాకా తల వంచుకునే కూర్చునేవాణ్ణి.