సారు బోర్డు, ఆయమ్మ స్టూలు

ఇది ఒక మహా యుద్ధగాథ. ఇందులో సింహాసనం పోగొట్టుకున్న రాణి ఉంది. దాన్ని ఆక్రమించిన రాజు ఉన్నాడు. కోట రహస్యాన్ని శత్రువుకి చేరవేసిన ద్రోహి ఉన్నాడు. చివర్లో తిరుగుబాటు కూడా ఉంది.

ఇలాగే కొనసాగిద్దామని చాలా ఉబలాటపడ్డాను గానీ, అబద్ధం రాస్తే అన్నం అరగదు. సింహాసనం అంటే నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు. ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క మడిచి పెట్టారు. రాణి మా ల్యాబులో పనిచేసే ఆయమ్మ. రాజు ల్యాబు నడిపే సారు. ద్రోహిని నేనే. నర్సీపట్నంలో ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో ఉన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. జనం చేతులకి సూదులు గుచ్చి, వాళ్లు సీసాల్లో తెచ్చేవాటిని పరీక్షించి బతుకుతున్నాను.

సీసాల్లో తెచ్చేవి అని మర్యాదగా అన్నాను. ఆ మర్యాద ఇక్కడితో సరి.

మలపరీక్షకి చిక్కుడుగింజంత చాలని ప్రతివాళ్లకీ చెబుతాం. మూత ఉన్న చిన్న డబ్బా కూడా మేమే ఇస్తాం. అయినా మనవాళ్లది పెద్ద చెయ్యి, ఏదీ కొసరి కొసరి ఇవ్వలేరు. ఆవకాయ సీసాలో తెస్తారు, మీద ఆవకాయ లేబులు అలాగే ఉంటుంది. ఒకసారి మాకవరపాలెం నుంచి వచ్చిన పెద్దాయన స్టీలు గిన్నెలో, నిండుగా తెచ్చాడు. తెచ్చి నా బల్ల మీద పెట్టి, పరీక్ష అయ్యాక గిన్నె మళ్లీ ఇచ్చేయమన్నాడు. ఇంటికి పట్టుకెళ్లి ఏం చేస్తారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే చెప్పాడు. "మూడు గిన్నెల క్యారేజీ అండి. ఒకటి తగ్గిందంటే మా ఆడది ఊరుకోదు." ఆ రోజు నుంచి నేను ఎవరింటి క్యారేజీ భోజనమూ ముట్టలేదు.

కళ్లె పరీక్ష సంగతి ఎత్తను. మూడేళ్లుగా ఈ పనిలో ఉన్నా నాకు అలవాటు కానిది అదొక్కటే. "గట్టిగా దగ్గి, లోపలి నుంచి తీసి ఇవ్వండి" అని నేను చెప్పాలి. వాళ్లు నా ఎదురుగానే తీస్తారు. తీశాక సరిపోయిందో లేదో చూడమని ముఖం దగ్గరికి తెస్తారు. అంతే, ఎత్తనన్నాను కదా.

ల్యాబులోకి రావాలంటే మెట్లెక్కాలి. ఎవరూ ఉమ్మకూడదని ఆ మెట్ల మలుపులో గోడకి అన్ని మతాల దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించారు. ఉమ్మేవాళ్లలో భక్తులు ఎక్కువ. దేవుళ్లకి తగలకుండా టైలుకీ టైలుకీ మధ్య సందులోకి గురిచూసి ఉమ్ముతారు. ఖైనీ, గుట్కా, కిళ్లీ, ఏ రంగు ఎవరిదో నేను చూడగానే చెప్పగలను. చదువుకున్న చదువు ఎక్కడో అక్కడ ఉపయోగపడుతుంది.

ఈ కంపంతటినీ కడిగేది ఆయమ్మ. ఆ పెద్దాయన గిన్నె తోమి, కాగితంలో చుట్టి చేతికిచ్చింది కూడా ఆవిడే. గొలుగొండ వైపు పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. అరవై దాటి ఉంటాయి. మెట్లు, నేల, సింకు, వాడేసిన సీసాలు, బ్లీచింగు బకెట్టు అన్నీ ఆవిడవే. ఒంటిగంట కాగానే చేతులు మోచేతుల దాకా మూడుసార్లు రుద్దుకుని, నడవా చివర కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చుంటుంది. ఎదురుగా ఒక అట్టపెట్టె తిరగేసి దాని మీద కాళ్లు పెట్టుకుని క్యారేజీ విప్పుతుంది.

ల్యాబులో ఏదీ తినకూడదని రూలు. ఆ రూలు రాసిన కాగితం కిందే సారు బిర్యానీ తింటారు కాబట్టి ఎవరూ మాట్లాడరు.

ఆ కిటికీ ఏ తోటలోకో తెరుచుకోదు. కింద ఒక టిఫిన్ హోటలు పెరడు. ఎంగిలి నీళ్లు పారబోసేది అక్కడే, నాలుగు రోజుల నూనె మళ్లీ కాచేదీ అక్కడే. అటు వెళ్లాల్సొస్తే నేను ముక్కు మూసుకుని వెళ్తాను. ఆయమ్మకి మాత్రం అది రెండో కూర. ఎండు నెత్తళ్ల చేపలు కలుపుకున్న అన్నం, కిటికీలోంచి గారెల వాసన. ల్యాబు మొత్తానికి బ్లీచింగు కంపు లేని గాలి అక్కడే వస్తుందని ఆవిడ లెక్క. నిజమే, ఆ గాలికి వేరే కంపు ఉంది.

తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది. చిన్నదేం కాదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందర్నీ పేర్లు తెలియక గుర్తులు చెప్పి దేవుడికి అప్పగిస్తుంది. పైకే చెబుతుంది కాబట్టి నేను స్లైడ్లు కడుగుతూ అంతా వింటుంటాను. ఒకరోజు ఇలా విన్నాను. "తండ్రీ, పొద్దున్న వొచ్చిన ముసిలాయనకి నరం దొరక్క ఈ బాబు నాలుగు పోట్లు పొడిసేసాడు. ఆ ముసిలాయన నొప్పి తగ్గించు. ఈ బాబు సెయ్యి కూడా కొంచెం సూసుకో." నా మీద ఇంత పైస్థాయిలో ఫిర్యాదు అంతవరకూ ఎవరూ చేయలేదు. నా ఊసు ప్రార్థనలో రాని రోజు నా పని బాగా జరిగినట్టు. ఈ ఉద్యోగంలో నాకున్న చిన్న సంతోషాల్లో ఒకటి అది, రెండోది బిగుతు మూత. సీసా మూత బిగుతుగా ఉంటే చాలు, ఆ మనిషి కాళ్లు కడగాలనిపిస్తుంది.

అలాంటి రోజుల్లో సారు ఒక వీడియో చూశారు.

ఉద్యోగులు సంతోషంగా ఉంటే వ్యాపారం పెరుగుతుందని అందులో ఒకాయన చెప్పాడట. మర్నాడే రిసెప్షన్లో తెల్ల బోర్డు వెలిసింది. పైన నీలం అక్షరాలతో "ఈ రోజు నా చిన్న సంతోషం" అని సారే రాశారు. రోజూ పది గంటల్లోపు అందరూ ఒక్కో సంతోషం రాయాలి. రాయకపోతే ఎందుకు సంతోషంగా లేరో ఆయన గదిలోకి వెళ్లి చెప్పుకోవాలి. దాంతో అందరం సంతోషపడడం మొదలుపెట్టాం.

రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి తెలివైనది. "సార్ గుడ్ మార్నింగ్ చెప్పారు" అని రాసింది. మర్నాడు "సార్ మళ్లీ గుడ్ మార్నింగ్ చెప్పారు" అని రాసింది. నేను "ఇవాళ డబ్బాల మూతలన్నీ బిగుతుగా ఉన్నాయి" అని నిజాయితీగా రాశాను. పేషెంట్లు చూస్తారని సారు తన చేత్తోనే చెరిపేశారు.

వారం తిరక్కుండా ఆయమ్మ కూడా రాయాలన్నారు. ఆవిడకి రాత రాదు. నన్ను రాసిపెట్టమన్నారు. స్కెచ్చు పెన్ను పట్టుకుని, ఏం రాయమంటావని అడిగాను. ఆవిడ చీపురు గోడకి ఆనించి కాసేపు ఆలోచించింది. అంతవరకూ ఆ బోర్డు ముందు ఆలోచించిన మనిషి లేడు.

"నాకేటుంది బాబూ రాసేటంతది. ఒంటిగంటకి ఆ కిటికీ కాడ కూకుని, కాళ్లు మీదెట్టుకుని బువ్వ తింతాను సూడు, ఆ పావుగంట ఎవులూ నన్ను పిలవరు. అదే. అది రాసీ."

రాశాను. అక్షరాలు గుండ్రంగా, అందంగా రాశాను. "కిటికీ పక్కన, స్టూలు మీద, కాళ్లు చాపుకుని, పావుగంట." బోర్డు మొత్తం మీద అబద్ధం కాని మాట అదొక్కటే అని గర్వపడ్డాను కూడా.

సారుకి కళ్లు చెమర్చాయి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నారు. సాయంత్రానికి చాలామంది దండాల బొమ్మలు పంపారట. ఆ తర్వాత ఆయన లేచి, ఆ కిటికీ ఎలా ఉంటుందో చూద్దామని నడవా చివరికి వెళ్లారు. ల్యాబు పెట్టిన ఇన్నేళ్లలో అటు వెళ్లడం అదే మొదలు. చేతులు కట్టుకుని అటూ ఇటూ చూశారు. టేపు తెమ్మన్నారు.

"ఇక్కడింత ప్లేసుందని నాకెవరూ చెప్పలేదే" అన్నారు.

రక్తపరీక్షల కొత్త మెషీను ఎక్కడ పెట్టాలా అని ఆయన నెల నుంచి వెతుకుతున్నారు. అది స్టూలు ఉన్నంత మేరకి సరిగ్గా సరిపోయింది. కాళ్లు పెట్టుకునే అట్టపెట్టె స్థలం ప్రింటరుకి. ఆయమ్మని పిలిచి, మెషీను వచ్చేలోగా ఆ మూల శుభ్రం చేసేయమని, భోజనం మెట్ల మీద కూర్చుని చేయమని, అక్కడా గాలి బాగానే వస్తుందని చెప్పారు. ఆవిడ "అలాగేనండి" అంది. ఆ మూల తనే కడిగింది. స్టూలు తనే పాత కాగితాలు పడేసే గదిలోకి పట్టుకెళ్లి పెట్టింది.

మర్నాడు ఒంటిగంటకి మెట్ల మలుపులో కూర్చుంది. వెనక దేవుళ్ల టైల్స్, సందుల్లో మూడు రంగులూ. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆవిడ క్యారేజీని దాటుకుని వెళ్తున్నారు. చీర కుచ్చెళ్లు, ప్యాంటు అంచులు, చెప్పులు. అన్నం మీదికి మట్టి రాలకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని తింటోంది. ఒకాయన డబ్బా పట్టుకుని వచ్చాడు. మూత వదులు. అది ఆవిడ ముఖానికి జానెడు దూరంలో పెట్టి, ఇది ఎక్కడివ్వాలి అని అడిగాడు. ఆవిడ నోట్లో ముద్ద ఉంది. పైకి వేలు చూపించింది.

ఆ మెట్ల మీద అన్నిటికంటే అసహ్యమైనవాణ్ణి నేనే అని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ నిజం కాదు. అన్నిటికంటే అసహ్యమైనది మూడో మెట్టు పక్కన, ఇంకా ఆరని గుట్కా. నేను రెండో స్థానం.

మూడు రోజులు చూశాను. మూడో రోజు ఆవిడ ప్రార్థన చేసుకోకుండానే తినడం మొదలుపెట్టింది. వెళ్లి పక్క మెట్టు మీద, మరకలు లేని చోటు వెతుక్కుని కూర్చున్నాను.

"ప్రార్థన మానేసేవేటి ఆయమ్మా?"

"మానలేదు బాబూ. లోపల్లోపల సేసుకుంతన్నాను. జనం దాటుతుంతే కళ్లెలగ మూస్తాను? బువ్వలో ఏటి పడుద్దో తెలుద్దేటి?"

నేను ఆ బోర్డు మీద రాయకుండా ఉండాల్సిందని గొణిగాను.

"రాసింది నువ్వే గాని సెప్పింది నాను కాదేటి. సంతోషం నోటితో సెప్పకూడదని మాయమ్మ అనీది. ఇనుకున్నానా?" అంది. కోపంగా కాదు, నెత్తళ్ల ముల్లు తీసుకుంటూ. "లేగు బాబూ, నీ తెల్లకోటుకి అంటుద్ది."

తిరుగుబాటు అక్కడ పుట్టింది. ఉద్యోగం వదిలేస్తానని సారుతో చెప్పాలని నిర్ణయించుకున్నాను. రిసెప్షన్ అమ్మాయికి చెబితే, రాజీనామా తెలుగులో రాస్తావా ఇంగ్లీషులో రాస్తావా అని అడిగింది. దాని గురించి ఆలోచించలేదు. రెండు రోజులు బస్సులో వస్తూ పోతూ ఉపన్యాసం తయారుచేసుకున్నాను. శ్రమ, గౌరవం, మనిషి, మెట్లు. అన్నీ ఉన్నాయి అందులో.

మెషీను శనివారం వచ్చింది. పెద్ద అట్టపెట్టె, లోపల నిండా థర్మోకోలు. సారు కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెప్పించారు. ఎలక్ట్రీషియన్ సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆయమ్మ చేటతో ఒక పక్కన ఉంది. నేను ముందుకి వెళ్లి, "సార్, ఒక్క మాట" అన్నాను.

"మాట తర్వాత. ముందిటు పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. తిరుగుబాటు చేసేవాడు అట్టపెట్టె అడుగు మోస్తూ మాట్లాడకూడదు, ఊపిరి చాలదు. అయినా మాట్లాడాను. ఆయమ్మ మెట్ల మీద తింటోంది సార్ అన్నాను. అయితే అన్నారు సారు. అయితే బాగోలేదు అన్నాను. రెండు రోజుల ఉపన్యాసంలోంచి బయటికి వచ్చింది అంతే. సారు నన్ను ఒకసారి చూశారు, కొంచెం ఎడమకి జరపమన్నారు. జరిపాను. ఆయమ్మ తల దించుకుని థర్మోకోలు ముక్కలు ఏరుతోంది.

అప్పుడు కింద గొంతుక్కూర్చున్న ఎలక్ట్రీషియన్, గోడ వైపు నుంచి తల తిప్పకుండా, "ఇక్కడవదు సార్" అన్నాడు.

సారు ఎందుకవదన్నారు. అతను ప్లగ్గు చూపించాడు. కొత్త లైను లాగమన్నారు. గోడ కొట్టాలన్నాడు. ఇంటి ఓనరుకి అక్కడికక్కడే ఫోన్ చేశారు. గోడ మీద మేకు కూడా కొట్టడానికి వీల్లేదని ఓనరు అరవడం మా అందరికీ వినిపించింది. ల్యాబు మొత్తంలో పెద్ద ప్లగ్గు ఉన్నది సారు గదిలో, ఏసీ పక్కన. మెషీనుని అక్కడికే మోసుకెళ్లాం. సారు బిర్యానీ తినే బల్ల బయటికి వచ్చింది. దానికి చోటు ఎక్కడా దొరక్క రిసెప్షన్లో పెట్టారు. ఇప్పుడు ఆయన పేషెంట్ల ఎదురుగా తింటారు. డబ్బాలు పట్టుకున్నవాళ్లు ఆయన్నే అడుగుతారు, ఎక్కడివ్వాలని.

ఒంటిగంటకి ఆయమ్మ స్టూలు తెచ్చుకుని కిటికీ దగ్గర వేసుకుంది. కాళ్లకి మెషీను తాలూకు అట్టపెట్టె దొరికింది, పాతదాని కంటే ఎత్తు బాగుందట. బాబు సారుని ఎదిరించి మాట్లాడబట్టే చోటు దక్కిందని ఆవిడ మందుల షాపువాళ్లకి కూడా చెప్పింది. కాదని రెండుసార్లు చెప్పాను. నమ్మలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ మెషీనుకి పదిహేను ఆంపుల ప్లగ్గు, నాలుగు ఎం.ఎం. వైరు కావాలి. కిటికీ గోడలో ఉన్నది ఐదు ఆంపుల ప్లగ్గు, ఒకటిన్నర ఎం.ఎం. వైరు.