బాయిలర్‌లో మిగిలిన నీళ్లు

హూడిలో మా అపార్ట్‌మెంటు పక్కన కొత్త కట్టడం లేస్తోంది. పొద్దున్నే అక్కడి కూలీలు కొబ్బరి చిప్పలు అంటించి నీళ్లు కాచుకుంటారు. ఆ పొగ కిటికీలోంచి వస్తే చాలు, నాకు మా మేనత్త నాగరత్న గుర్తొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది. మా ఆయనకు బాయిలర్ అంటే తను పనిచేసే జిగణి ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించే యంత్రం. మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ కాగేదీ బాయిలరే. నాకు మాత్రం అది బళేపేటలో, మా పుట్టింటి స్నానాలగదిలో ఉండిన రాగి బాయిలర్.

దాని నడుమ నిప్పు, చుట్టూ నీళ్లు. పైన చెంబెడు చన్నీళ్లు పోస్తేనే పక్క గొట్టంలోంచి చెంబెడు వేన్నీళ్లు వచ్చేవి. ముందు పోసుకున్నవాళ్లకు పొగలు కక్కే నీళ్లు, చివరివాళ్లకు గోరువెచ్చనివి కూడా దక్కేవి కావు. మా ఇంట్లో నాన్న, అన్నలు, అమ్మ, నేను, ఇదీ వరస. కాపురం చెడి పుట్టింటికి వచ్చేసిన మేనత్త అందరికంటే చివర. తెల్లవారకముందే లేచి, కళ్లు మండించుకుంటూ మంట పెట్టేది మాత్రం ఆవిడే.

"ఇంకో నాలుగు చిప్పలు వేసుకో అత్తా" అంటే, "మీ నాయన గొణుగుతాడు. నాకేం పాపా, నిప్పు ముందర కూచున్నా కదా, ఒళ్లు వెచ్చగానే ఉండాది" అనేది. పచ్చి అబద్ధం.

పదో తరగతి పరీక్షనాడు నేను జలుబుతో వణుకుతుంటే, అత్త నన్ను అందరికంటే ముందు స్నానానికి తోసింది. నాన్న భుజాన తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు.

"మగోళ్లం ఉండంగా దీనికి ముందరేంది?"

"పరీక్ష దానికి గదన్నా, నీకు కాదు గదా."

నాన్న తువ్వాలు దులుపుకుని పక్కకు తప్పుకున్నాడు. నా కోసం కూడా ఒకరు నోరెత్తుతారని ఆ రోజే తెలిసింది. తన కోసం మాత్రం ఆ నోరు ఎన్నడూ పెగల్లేదు. అత్తకు కీళ్లు పట్టేసి, వేన్నీళ్లు పోసుకోమని డాక్టరు చెప్పినప్పుడు కూడా, "ఒక్క మనిషికోసం మళ్లీ మంటా?" అన్నాడు నాన్న. అత్త విననట్టు బూడిద ఎత్తుకుంది.

ఆవిడ పోయిన పొద్దున బాయిలర్‌ను పక్కింటాయన వెలిగించాడు. నాన్న గంపెడు చిప్పలు తెచ్చి కుమ్మరించి, "బాగా కాగనీ అప్పా, మా రత్నకు చన్నీళ్లు పోయొద్దు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు మా ఇంట్లో మొదటి నీళ్లు అత్తవి. నాన్న ఏడుపు నిజమే. అందుకే ఆయన్ను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో గీజరుంది. మొదటి స్నానం నాదే. మా ఆయన తలుపు తడితే, "ఆగండి" అంటాను. అత్త ఒక్కసారైనా అనాల్సిన మాట అది.