ఓడ బాబాయి పన్ను పోటు

వీధిలో అందరికీ ఆయన ఓడ బాబాయి. అన్నగారి పిల్లలు మొదలుపెట్టిన ఆ పిలుపును పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరూ అందుకున్నారు. ప్రయాణికుల ఓడలో, మెట్ల పక్కన ఇరుకు గదిలో క్షవరం చేయడం ఆయన ఉద్యోగం. అల వచ్చినప్పుడు కత్తెర గాల్లో ఆపి, ఓడ సర్దుకున్నాక మళ్ళీ ఆడించాలి. తన చేతిలో ఒక్క చెవీ తెగలేదని ఇప్పటికీ మీసం దువ్వుకుంటాడు.

సెలవులకు ఇంటికొస్తే జనం చుట్టూ చేరేవాళ్ళు.

"ఆ దేశం వాళ్ళు ఎలా ఉంటారు బాబాయ్?"

"జుట్టు పలచన. నుదురు ఎక్కడిదాకా పోతుందో వాళ్ళకే తెలీదు."

"మరి ఈ దేశం వాళ్ళో?"

"ఉంగరాల జుట్టు. మూడు తలలకో దువ్వెన విరగాల్సిందే."

అందరూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. అసలు సంగతి పిన్నికొక్కదానికే తెలుసు. ఇన్నేళ్ళలో ఆ మహానుభావుడు ఏ రేవులోనూ ఓడ దిగలేదు. ప్రపంచాన్నంతా మెడ వెనకనుంచే చూశాడు.

దీనికి కారణం ఆయన బావ. ఓడలో ఉద్యోగం వేయించి, మొదటిరోజే హడలగొట్టాడు. "ఇది బస్సు కాదురోయ్, చెయ్యెత్తితే ఆగడానికి. దిగి దారి తప్పావనుకో, నీ పెట్టె ఒక్కటే ఇంటికి చేరుతుంది." అలా చెప్పి బావ వేరే ఓడకి మారిపోయాడు గానీ, భయం మాత్రం బాబాయి దగ్గరే ఉండిపోయింది.

చివరికి ఆయన్ని దింపింది ఒక దవడ పన్ను. ఒకరోజు తెల్లారేసరికి చెంప బూరెలా పొంగింది. తలలో ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టుంది. ఓడ డాక్టరు నోట్లోకి చూసి చేతులెత్తేశాడు.

"ఇది పీకాల్సిందే. నా దగ్గర సామాను లేదు. సాయంత్రం దాకా రేవులోనే ఉంటాం, వెళ్ళి చూపించుకో."

"మీరే ఏదో ఒకటి చేయండి సార్. పట్టకారు ఉంటే చాలు."

డాక్టరు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అంతకంటే చెప్పాల్సిన పనిలేకపోయింది.

బాబాయి వెనక్కి తిరిగి ఓడను చూసుకుంటూ, పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళినట్టు వెళ్ళాడు. కూరగాయల బండి దగ్గరున్న ముసలావిడకు చెంప చూపించాడు. ఆవిడ తలూపి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఒక కొట్లో వదిలేసి పోయింది. చూస్తే అది సెలూన్. చెంప చూపించాడు కదా, గడ్డం గీయించుకోవాలేమో అనుకుంది పాపం.

అక్కడి మంగలి బుర్రమీసాల మనిషి. అప్పటికే ఒకాయనకు సగం గడ్డం గీసి ఉన్నాడు. బాబాయిని రెండో కుర్చీలో కూలేసి, మెడకు గుడ్డ చుట్టి, బ్రష్షుతో నురగ తీశాడు.

"వద్దు నాయనా, నేనూ నీలాంటివాణ్ణే," అంటూ బాబాయి రెండు వేళ్ళతో కత్తెర ఆడించి చూపించి, నోరు బార్లా తెరిచాడు.

బుర్రమీసాలాయన లోపలికి తొంగిచూసి, తన పన్నే నొప్పెట్టినట్టు మొహం పెట్టాడు. వాళ్ళ భాషలో ఏదో గొణిగి, బాబాయి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, కొట్టు తలుపు మూశాడు. సగం గడ్డం ఆయనకు కోపం రావాలి కదా, రాలేదు. మెడలో గుడ్డతో, ఒక చెంప నిండా నురగతో ఆయన కూడా బయల్దేరాడు. నడిరోడ్డు మీద ముగ్గురూ చేతులు పట్టుకుని వెళ్తుంటే జనం దారిచ్చి మరీ చూశారు.

పళ్ళ డాక్టరమ్మ దగ్గర వరస బారెడుంది. బుర్రమీసాలాయన ఏం చెప్పాడో గానీ అందరూ జరిగి చోటిచ్చారు. పట్టకారు కనబడగానే బాబాయి కాళ్ళు లోపలికి వెళ్ళనన్నాయి. సగం గడ్డం ఆయన పక్కన నిలబడి చెయ్యందించాడు. పన్ను ఊడేలోపు ఆ చేతిని బాబాయి ఎంతలా పిసికాడంటే, ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

తిరిగి కొట్టుకొచ్చాక బాబాయికి మొహమాటం పట్టుకుంది. నోరు మొద్దుబారి మాట రావట్లేదు. ఏం చేయాలో తోచక కత్తి తీసుకుని, మిగతా సగం గడ్డం తనే గీశాడు. నేల కదలకపోవడంతో చెయ్యి కాస్త తడబడింది. అల వస్తుందేమోనని రెండుసార్లు అలవాటుగా ఆగాడు. ఎందుకు ఆగాడో అర్థంకాక బుర్రమీసాలాయన కత్తి అంచు తడిమి చూసి, సానరాయి తెచ్చిచ్చాడు. బాబాయి నవ్వబోతే నవ్వు ఒకవైపే వచ్చింది.

సాయంత్రం ఇద్దరూ రేవుదాకా వచ్చి ఓడెక్కించి వెళ్ళారు.

ఆ తర్వాత బాబాయి ప్రతి రేవులోనూ దిగాడు. దారి తప్పాడు కూడా, బోలెడుసార్లు. ఒకచోట పార్కనుకుని ఎవరిదో పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఇంటావిడ చీపురుతో వచ్చి, మనిషిని ఎగాదిగా చూసి, కుర్చీ తెచ్చి వేసింది. ఇంకోచోట వానలో నిలబడితే ముక్కూమొహం తెలియని వాడు గొడుగు కింద చోటిచ్చి, వీధి చివరిదాకా తన గొడవలన్నీ వాళ్ళ భాషలో చెప్పుకున్నాడు. బాబాయి "అవును మరి" అంటూ విన్నాడు. సెలవులకొచ్చినప్పుడు చెప్పే కబుర్లలో జుట్టు సంగతులు తగ్గిపోయాయి.

ఓడ మానేసి ఇంటి ముందుగదిలో సెలూన్ పెట్టుకున్నాక, ఒక మధ్యాహ్నం తువ్వాళ్ళు మడతపెడుతూ పిన్ని అడిగింది.

"ఇంతకీ ఆ మీసాలాయన పేరేంటి?"

బాబాయి ఆలోచించాడు. "అడగలేదే."

"పన్ను పీకించిన మనిషి పేరు కూడా కనుక్కోలేదా? ఇంకొకాయనది?"

"ఆయనదీ అడగలేదు. నొప్పిలో ఎవరికి గుర్తుంటుంది?"

"సాయంత్రానికి నొప్పి తగ్గిందన్నారుగా."

 బాబాయి తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచాడు.

"వాళ్ళూ నా పేరు అడగలేదులే," అన్నాడు చివరికి.

"బాగుంది సంబడం," అంది పిన్ని. "ఈసారి వెళ్తే నన్ను తీసుకెళ్ళండి. నేను కనుక్కుంటాను."